చిన్న యాంప్లిఫయర్‌ను ఇంట్లో పరీక్షించడం, వాడిన అనుభవాన్ని నమ్మదగినట్టు రాసుకోవడం: సమగ్ర మార్గదర్శి

ఇంట్లో సంగీతం వినడానికి రెండు పెద్ద పెట్టెలు, వాటికొక బల్ల, వెనుక తీగల చిక్కుముడి తప్పనిసరి అనుకునే కాలం వెళ్లిపోయింది. ఇవాళ టీవీ యూనిట్ అరలో ఒదిగిపోయే యాంప్లిఫయర్లు పెద్దవాటితో సమానమైన ధరకు, చాలా సందర్భాల్లో సమానమైన నాణ్యతతో దొరుకుతున్నాయి. ఇది పూర్తిగా కొత్త సంగతి కూడా కాదు. ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీకి చెందిన నైమ్ సంస్థ 1983లో తెచ్చిన నెయిట్, 20 వాట్లకు లోపు శక్తితోనే, మంచి యాంప్లిఫయర్ అంటే బరువైన యాంప్లిఫయర్ అనే నమ్మకాన్ని కదిలించింది. లక్షకు పైగా డబ్బు పెట్టేముందు అందరం చేసే మొదటి పని, దాన్ని ఇప్పటికే కొన్నవారు ఏమంటున్నారో వెతకడం. అక్కడే చిక్కు మొదలవుతుంది. ఒకే యాంప్లిఫయర్‌ను ఒకరు తియ్యగా ఉందంటారు, ఇంకొకరు పదునుగా ఉందంటారు, మూడోవారు బాస్ చాలలేదంటారు.

ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. యాంప్లిఫయర్ గురించి అనుకుని వారు రాసేది నిజానికి తమ స్పీకర్ల గురించి, తమ గది గురించి, తాము వినే స్థాయి గురించి. ఈ మూడూ చెప్పని అభిప్రాయం మరొకరికి పనికిరాదు, ఆరు నెలల తరువాత రాసినవారికే పనికిరాకుండా పోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో యాంప్లిఫయర్‌ను ఎంచుకోవడం, పరీక్షించడం, అనుభవాన్ని రాయడం అనే మూడింటినీ ఒకే పనిగా చూస్తున్నాను. కొనే ముందు కాగితం మీద పెట్టిన లెక్కే, కొన్న తరువాత మీ అభిప్రాయానికి మొదటి పేరా అవుతుంది.

మొదటి అడుగు: గదిని, స్పీకర్లను కాగితం మీద పెట్టండి

ఒక నోటు పుస్తకం తీసుకుని నాలుగు సంగతులు రాయండి: గది పొడవు వెడల్పులు, స్పీకర్ నుంచి మీరు కూర్చునే చోటికి దూరం, స్పీకర్ సెన్సిటివిటీ (ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం చేస్తుందో చెప్పే అంకె), దాని ఇంపిడెన్స్ (కరెంటుకు అది చూపే నిరోధం, అంకె తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది). చివరి రెండూ స్పీకర్‌తో వచ్చిన కాగితంలో ఉంటాయి. ఇంపిడెన్స్ విషయంలో సగటు అంకెతో సరిపెట్టుకోకుండా కనిష్ఠ విలువ కూడా వెతకండి. ఉదాహరణకు చాలామంది చిన్న గదుల్లో వాడే కెఫ్ ఎల్‌ఎస్50 మెటా స్పీకర్‌ను 8 ఓములని పేర్కొంటారు, కానీ ఒక స్వరస్థాయి దగ్గర అది 3.5 ఓములకు దిగుతుంది. దాని సెన్సిటివిటీ 85 డెసిబెల్స్.

ఇప్పుడు లెక్క. యాంప్లిఫయర్ శక్తి రెట్టింపయితే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది, పది రెట్లయితే 10 డెసిబెల్స్. ఆ స్పీకర్‌కు 50 వాట్లు ఇస్తే ఒక మీటరు దూరంలో 85కు 17 కలిపి 102 డెసిబెల్స్ వస్తాయి. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆరుబయట దాదాపు 9.5 డెసిబెల్స్ తగ్గాలి, గోడల నుంచి తిరిగివచ్చే శబ్దం వల్ల గదిలో అంత తగ్గదు. సుమారు 7 తగ్గుతుందని, రెండో స్పీకర్ 3 కలుపుతుందని అనుకుంటే మీ కుర్చీ దగ్గర 98 డెసిబెల్స్ దాకా అందుతుంది. సాయంత్రం ఇంట్లో వినే సంగీతం సగటున 70 నుంచి 75 డెసిబెల్స్ మధ్య ఉంటుంది. మృదంగం దరువు, డ్రమ్ దెబ్బ వంటి క్షణాలు ఆ సగటుకు 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తాయి. అంటే 95 దాకా కావాలి, 98 ఉంది, కాబట్టి 50 వాట్లు ఆ గదికి సరిపోతాయి.

ఇదే లెక్కను వెనక్కి చేసి చూడండి. 75 డెసిబెల్స్ సగటు శబ్దానికి ఆ యాంప్లిఫయర్ ఇస్తున్నది పావు వాటు మాత్రమే. ఈ ఒక్క అంకె చాలా అపోహలను తొలగిస్తుంది. మీ సంగీతంలో అధికభాగం పావు వాటులో నడుస్తోందంటే, ఆ పావు వాటు ఎంత నిశ్శబ్దంగా, ఎంత శుభ్రంగా ఉందన్నది 200 వాట్ల గరిష్ఠ శక్తి కంటే ముఖ్యమవుతుంది. మరోవైపు, సగటునే 85 డెసిబెల్స్‌లో వినే అలవాటు ఉన్నవారికి అదే గదిలో దాదాపు 250 వాట్లు కావాలి, అప్పటికి చిన్న స్పీకరే చేతులెత్తేస్తుంది. ఇలాంటివారు చిన్న యాంప్లిఫయర్ చాలలేదని రాస్తే ఆ మాట వారి విషయంలో నిజమే, మీ విషయంలో కాకపోవచ్చు.

సెన్సిటివిటీ అంకెలో ఒక మెలిక ఉంది. దాన్ని సాధారణంగా 2.83 వోల్టులకు కొలుస్తారు. 8 ఓముల స్పీకర్‌కు అది ఒక వాటు, 4 ఓముల స్పీకర్‌కు రెండు వాట్లు. కాబట్టి 4 ఓముల స్పీకర్ కాగితం మీద కనిపించేదానికంటే ఎక్కువ శక్తిని తాగుతుంది.

రెండో అడుగు: పెట్టె లోపల ఏముందో తెలుసుకోండి

చిన్న పెట్టెలకు అసలు శత్రువు వేడి. పాతకాలపు ఏబీ తరగతి సర్క్యూట్ (ట్రాన్సిస్టర్లు సంకేతం వెంబడే నిరంతరంగా నడిచే రకం) సిద్ధాంతరీత్యా అత్యుత్తమ పరిస్థితిలోనే దాదాపు 78 శాతం సామర్థ్యాన్ని దాటదు, మామూలుగా వినే స్థాయిలో అంతకంటే చాలా తక్కువ. మిగిలినదంతా వేడిగా మారుతుంది, చిన్న పెట్టెకు ఆ వేడిని వదిలే వైశాల్యం తక్కువ. ట్రాన్సిస్టర్లను స్విచ్చుల్లా అతివేగంగా వేసి ఆపే డి తరగతి సర్క్యూట్ పెద్ద శక్తి దగ్గర 90 శాతం చుట్టుపక్కల పనిచేస్తుంది కనుక అదే పెట్టెలో ఎన్నో రెట్ల శక్తిని ఇమడ్చగలుగుతారు. డి అంటే డిజిటల్ అని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు, అది పొరపాటు. ఏ, బీ, సీ తరువాత వచ్చిన అక్షరం కాబట్టి ఆ పేరు పెట్టారు.

తొలినాటి డి తరగతి యాంప్లిఫయర్ల మీద వచ్చిన ఫిర్యాదులకు గట్టి కారణమే ఉండేది. వాటి చివర ఉండే ఫిల్టర్ పనితీరు స్పీకర్ ఇంపిడెన్స్‌ను బట్టి మారేది, అందువల్ల పై స్వరాలు ఒక స్పీకర్‌తో మొద్దుబారినట్టు, మరోదానితో గీసుకున్నట్టు వినిపించేవి. ఫిలిప్స్‌లో పనిచేస్తున్నప్పుడు ఇంజనీర్ బ్రూనో పుట్జీస్ రూపొందించిన యూసీడీ అనే డి తరగతి పద్ధతి, ఆ తరువాత హైపెక్స్ సంస్థలో ఆయనే చేసిన ఎన్‌కోర్, లార్స్ రిస్బో, పీటర్ లింగ్‌డార్ఫ్‌లతో కలిసి స్థాపించిన ప్యూరిఫై సంస్థ మాడ్యూళ్లు ఈ లోపాన్ని సరిదిద్దాయి. ఫిల్టర్ దాటిన తరువాతి సంకేతాన్ని కూడా ఫీడ్‌బ్యాక్‌లోకి (బయటికొచ్చినదాన్ని లోపలికొచ్చినదానితో పోల్చి తప్పు సరిదిద్దే ఏర్పాటులోకి) తీసుకోవడం ఇందులోని కీలకం. కాబట్టి డి తరగతి ఇలా వినిపిస్తుందని ఒక్కమాటలో తేల్చేసే అభిప్రాయం కనిపిస్తే, ఏ తరం సర్క్యూట్ గురించో ముందుగా చూడండి.

కొన్ని నిజమైన అంకెలు పక్కపక్కన పెడితే తేడా అర్థమవుతుంది. రేగా బ్రియో వెడల్పు 216 మిల్లీమీటర్లే, ఏబీ తరగతి, 8 ఓములకు 50 వాట్లు, 4 ఓములకు 73 వాట్ల చుట్టుపక్కల. లింగ్‌డార్ఫ్ టీడీఏఐ-1120 అయితే 8 ఓములకు 60, 4 ఓములకు 120. ఎన్‌ఏడీ ఎం10 రెండింటికీ 100 వాట్లే ఇస్తానంటుంది. బెంచ్‌మార్క్ ఏహెచ్‌బీ2 కేవలం పవర్ యాంప్లిఫయర్ (వాల్యూమ్ నాబ్ లేకుండా సంకేతాన్ని పెంచడమే దాని పని), 8 ఓములకు 100 వాట్లు. వీటిలో ఏదీ చెడ్డది కాదు. కానీ కనిష్ఠంగా 3 ఓములకు దిగే స్పీకర్ మీకుంటే, 8 ఓముల అంకె ఒక్కటే చూసి కొనడం తప్పు. 4 ఓముల దగ్గర శక్తి పెరిగే యాంప్లిఫయర్ కరెంటును ఇవ్వగలుగుతోందని అర్థం, పాత నెయిట్ తన తక్కువ వాట్లతోనే మెప్పించడానికి ఇదీ ఒక కారణమని నేను నమ్ముతాను.

లింగ్‌డార్ఫ్, ఎన్‌ఏడీ మోడళ్లలో గదికి తగ్గట్టు ధ్వనిని సరిచేసే సౌకర్యం ఉంది, మొదటిదానిలో రూమ్‌పర్ఫెక్ట్, రెండోదానిలో డిరాక్ లైవ్. నునుపు టైల్సు, కాంక్రీటు గోడలు, పెద్దగా బట్టలు లేని మన హాళ్లలో దీని విలువ ఎక్కువ. నా అనుభవంలో రెండు మంచి యాంప్లిఫయర్ల మధ్య తేడా కంటే, గదిలో బాస్ ఉబ్బును సరిచేయకముందుకూ తరువాతకూ ఉన్న తేడా ఎన్నో రెట్లు పెద్దది. అయితే ఇది తక్కువ స్వరాలకే బాగా పనిచేస్తుంది, గోడల ప్రతిధ్వనికి తివాచీ, మందపాటి కర్టెన్లు, పుస్తకాల అర తప్ప వేరే మందు లేదు.

మూడో అడుగు: ఇతరుల అభిప్రాయాలను చదివే పద్ధతి

ముందుగా మీ స్పీకర్లనో, వాటికి దగ్గరి వాటినో వాడుతున్నవారి మాటలు విడిగా పెట్టండి. తరువాత ఎన్నాళ్లు వాడాక రాశారో చూడండి. మొదటి వారంలో రాసినదానిలో కొన్న ఆనందం కలిసి ఉంటుంది, అది సహజం. రెండేళ్ల తరువాత రాసినవారు ధ్వని కంటే రిమోట్ గురించి, యాప్ గురించి, సర్వీసు గురించి ఎక్కువ చెబుతారు, నాకు ఆ మాటలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. మూడోది, దేనితో పోల్చారు, శబ్దస్థాయి సమానం చేశారా అన్నది. సమానం చేయని పోలికను నేను పక్కన పెట్టేస్తాను. ఎందుకో ఆరో అడుగులో చెబుతాను.

ధ్వనిని వర్ణించే విశేషణాలను అలాగే మోయకుండా, వాటి వెనుక ఉన్న సంఘటనను వెతకండి. వెచ్చగా ఉంది అన్న మాట కంటే, రాత్రి తక్కువ శబ్దంలో కూడా తంబురా శ్రుతి విడిగా వినిపించింది అన్న మాట మీకు ఏదో చెబుతుంది. వేడెక్కింది, గుయ్‌మంది, ఒక పక్క ఆగిపోయింది వంటి ఫిర్యాదులు ఒకే మోడల్ మీద నలుగురైదుగురి నుంచి వేర్వేరు చోట్ల కనిపిస్తే వాటిని తప్పక లెక్కలోకి తీసుకోండి.

నాలుగో అడుగు: కరెంటు, ఎర్తింగ్, పెట్టే చోటు

అమెరికాలో ఉన్న బంధువులు వస్తూ తెచ్చే యాంప్లిఫయర్లు తెలుగు ఇళ్లలో తక్కువేమీ కాదు. అక్కడి సరఫరా 120 వోల్టులు, ఇక్కడ 230. స్విచ్ మోడ్ పవర్ సప్లై ఉన్న కొన్ని మోడళ్లు 100 నుంచి 240 దాకా దేనినైనా తీసుకుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చాలా మోడళ్లు తీసుకోవు. వెనుక పలకపై ఏ వోల్టేజీ ముద్రించి ఉందో ఫోటో తీసి పంపమని అక్కడివారిని ముందే అడగండి. నా మిత్రుడొకరు ప్లగ్ మార్చే చిన్న అడాప్టర్ తగిలించి 120 వోల్టుల యాంప్లిఫయర్‌ను నేరుగా గోడకు పెట్టారు. అడాప్టర్ ప్లగ్ ఆకారాన్ని మారుస్తుందే గాని వోల్టేజీని కాదు. ఫ్యూజుతో పాటు పవర్ సప్లై కూడా పోయింది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడపవచ్చు గాని, అలా తెచ్చినదానికి ఇక్కడ వారంటీ సేవ సాధారణంగా అందదన్నది గుర్తుంచుకోండి.

ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ రెండు మూడు వోల్టులు దాటుతుంటే ముందు దాన్ని సరిచేయించాలి. సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి, వానాకాలం ఉరుములప్పుడు ప్లగ్ తీసేయడం అంతకంటే మంచిది. ఇన్వర్టర్ మీద నడపాల్సి వస్తే అది ప్యూర్ సైన్ వేవ్ రకమై ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది.

చోటు విషయానికి వస్తే, చిన్న పెట్టె కదా అని చాలామంది దాన్ని అద్దాల తలుపున్న షోకేసులో పెడతారు. అలా చేయకండి. ఏబీ తరగతి చిన్న యాంప్లిఫయర్‌కు పైన కనీసం అరచేయంత ఖాళీ, వెనుక గాలి ఆడే దారి ఉండాలి. వాటి మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టకూడదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుర్దాయం ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్లు వాడే లెక్క. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో 40 డిగ్రీల గాలి మధ్య నడిచే పెట్టెకు, చల్లటి దేశంలో 20 డిగ్రీల గదిలో నడిచే అదే పెట్టెకు వయసు ఒకేలా పెరగదు. విదేశాల్లో వాడినవారు వేడి గురించి ఏమీ రాయకపోతే, ఇక్కడ కూడా సమస్య లేదని అర్థం చేసుకోవద్దు. వెచ్చటి పెట్టెల్లోకి బల్లులు, బొద్దింకలు చేరడం మన ఇళ్లలో మామూలు. గాలి రంధ్రాలు పెద్దవిగా ఉన్న మోడల్ అయితే దాన్ని గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా పెట్టండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో స్పీకర్ తీగల చివరలు ఏడాదికొకసారి తీసి తుడవడం అవసరం.

స్పీకర్ తీగ గురించి ఎక్కువ చెప్పను. మూడు నుంచి ఐదు మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు, మిగిలిన డబ్బు తివాచీకి పెట్టండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. చాలా డి తరగతి యాంప్లిఫయర్లలో స్పీకర్ రెండు టెర్మినళ్లూ, ఎరుపు, నలుపు, రెండూ క్రియాశీలంగా ఉంటాయి. నలుపును భూమికి కలపకూడదు, రెండు చానళ్ల నలుపులను ఒకదానితో ఒకటి కలపకూడదు. స్పీకర్ టెర్మినళ్ల నుంచి సంకేతం తీసుకునే సబ్‌వూఫర్ ఉంటే, నల్ల తీగను ఎక్కడ కలపాలో రెండు సంస్థల మాన్యువళ్లలో చూసిన తరువాతే ముట్టుకోండి.

ఐదో అడుగు: మొదటి గంటలో చేయవలసిన పరీక్షలు

పాట పెట్టకముందే ఇవి చేయండి. ఫ్యాన్, ఏసీ ఆపి, ఏ ఇన్‌పుటూ ఆడకుండా, వాల్యూమ్ మామూలుగా వినే స్థాయిలో పెట్టి, ట్వీటర్ (స్పీకర్‌లో పై స్వరాలు పలికే చిన్న భాగం) దగ్గర చెవి పెట్టండి. సన్నటి బుసలాంటి శబ్దం అతి దగ్గరలో వినిపించవచ్చు. కూర్చునే చోటికి అది చేరితే ఆ యాంప్లిఫయర్ మీ స్పీకర్లకు సరిపడదు. 90 డెసిబెల్స్ పైబడిన సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లవారికి ఈ పరీక్ష ప్రాణం. వాల్యూమ్ తిప్పినా బుస మారకపోతే అది పవర్ విభాగం నుంచి వస్తోంది, మారితే ముందు విభాగం నుంచి.

తరువాత వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద భాగం) దగ్గర వినండి. అక్కడ గుయ్‌మనే శబ్దం ఉంటే ఇన్‌పుట్ తీగలన్నీ పీకి, ఒక్కొక్కటీ తిరిగి పెట్టండి. మన ఇళ్లలో దోషి చాలాసార్లు డీటీహెచ్ లేదా కేబుల్ టీవీ తీగ, లేదా ల్యాప్‌టాప్ చార్జర్. గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు తీగల ద్వారా కలిసి గుయ్‌మనడం) పోవాలని ఎర్త్ పిన్ తీసేసే సలహా ఎక్కడైనా కనిపిస్తే దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ పాటించకండి, అది ప్రాణం మీదికి తెచ్చే పని. టీవీని ఆప్టికల్ తీగ ద్వారా కలిపితే ఆ దారిలో లూప్ ఉండదు. స్పీకర్లో కాక పెట్టెలోంచే గుయ్‌మంటే అది ట్రాన్స్‌ఫార్మర్ కంపనం. సరఫరాలో డీసీ కలిసినప్పుడు టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లు ఇలా అరుస్తాయి, అందుకే ఒకే పెట్టె పగలు నిశ్శబ్దంగా, పక్కింట్లో ఏదో పెద్ద పరికరం నడిచినప్పుడు చప్పుడుగా ఉండవచ్చు. ఏ వేళల్లో వచ్చిందో రాసుకోండి.

మూడో పరీక్ష, వాల్యూమ్ నాబ్‌ను బాగా కిందికి తగ్గించి ఒక మోనో రికార్డింగ్ వినడం. ఘంటసాల కాలపు మోనో పాటలు దీనికి చక్కగా సరిపోతాయి. గొంతు రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ నిలబడాలి. అది ఒక పక్కకు జరిగితే నాబ్ లోపలి పొటెన్షియోమీటర్ రెండు చానళ్లనూ సమానంగా నడపడం లేదన్నమాట. కాస్త పెంచగానే గొంతు నడుమకు వస్తుంది. పగలు వినేవారికి ఇది ఎప్పటికీ తెలియకపోవచ్చు, పిల్లలు పడుకున్నాక వినేవారికి రోజూ తెలుస్తుంది. ఇక్కడే మరో సంగతి చూడండి. డీఏసీలు (డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే పరికరాలు), సీడీ ప్లేయర్లు సాధారణంగా 2 వోల్టుల సంకేతం ఇస్తాయి. యాంప్లిఫయర్ గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) ఎక్కువైతే నాబ్ తొమ్మిది గంటల స్థానానికి రాకముందే గది నిండిపోతుంది. అది శక్తికి గుర్తు కాదు, నాబ్‌ను నెమ్మదిగా తిప్పుకునే వీలు లేకపోవడం మాత్రమే.

ఆరో అడుగు: పోల్చడం

పాత యాంప్లిఫయర్ ఇంకా చేతిలో ఉండగానే పోల్చండి. మన చెవి రెండింటిలో కొంచెం ఎక్కువ శబ్దం చేసేదాన్ని మెరుగైనదిగా గ్రహిస్తుంది, అర డెసిబెల్ తేడాను శబ్దంగా గుర్తించదు గాని స్పష్టతగా, జీవంగా గుర్తిస్తుంది. కాబట్టి రెండింటినీ 0.2 డెసిబెల్స్ లోపు సమానం చేయాలి. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, ఏసీ వోల్టులు చూపే మామూలు మల్టీమీటర్ చాలు.

100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ఒకటి ఫోన్‌లోకి దింపుకోండి. చవక మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో తప్పు చూపుతాయి గనుక 1 కిలోహెర్ట్జ్ వద్దు. స్పీకర్ కలిపి ఉండగా, టోన్ ఆడిస్తూ, స్పీకర్ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూసి, వాల్యూమ్‌ను 2 వోల్టుల దగ్గరకు తెచ్చి అంకె రాసుకోండి. రెండో యాంప్లిఫయర్‌ను అదే అంకెకు తీసుకురండి. 2.00, 2.05 వోల్టుల మధ్య తేడా 0.2 డెసిబెల్స్, అంతకు మించకూడదు. మీటర్ కొసలు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్తపడండి. బ్యాటరీతో నడిచే మీటర్ మాత్రమే వాడండి, కరెంటుతో నడిచే ఆసిలోస్కోప్‌ను డి తరగతి టెర్మినళ్లకు కలిపితే యాంప్లిఫయర్ దెబ్బతినవచ్చు.

ఆ తరువాత ఇంట్లో మరొకరిని తీగలు మార్చమనండి. ఏది ఆడుతోందో వారు చెప్పకూడదు, పెట్టెలు మీకు కనిపించకూడదు. ప్రతిసారీ రెండు యాంప్లిఫయర్లనూ ఆపిన తరువాతే తీగలు ముట్టాలి. పది సార్లు చేసి, ప్రతిసారీ ఏది ఆడిందనుకున్నారో రాయండి. పదింటిలో ఆరు సరిపోతే అది ఊహతో కూడా వచ్చేదే, తొమ్మిది సరిపోతే నిజంగా తేడా వినిపిస్తోంది. నేను ఇలా చేసిన మొదటిసారి, అంతకుముందు వారం రోజులు గట్టిగా చెప్పిన తేడా ఒకటి పూర్తిగా మాయమైంది, బాస్ పట్టులో ఉన్న తేడా మాత్రం నిలిచింది. ఆ రోజు నుంచి నా మాటల్లో దేన్ని నమ్మాలో నాకే తెలిసింది.

ఏడో అడుగు: మూడు వారాలు వినడం

కొత్త యాంప్లిఫయర్ వందల గంటలు నడిస్తేనే కుదురుకుంటుందని అంటారు. ఆ గంటల్లో మన చెవి కొత్త ధ్వనికి అలవాటు పడడమే ఎక్కువగా జరుగుతుందని నా అభిప్రాయం. కారణం ఏదైనా, మూడు వారాలు ఆగి రాయడం మంచిదే.

పరిచయమైన సంగీతంతోనే వినండి. ఇటీవలి సినిమా పాటల్లో చాలావాటిని హెచ్చుతగ్గులు లేకుండా ఒత్తిపెట్టి విడుదల చేస్తారు, వాటితో యాంప్లిఫయర్ సత్తా తెలియదు. కచేరీ రికార్డింగ్ మేలు. మృదంగం తొప్పి వైపు దెబ్బ తరువాత శబ్దం ఎంత త్వరగా ఆగుతుందో గమనించండి, స్పీకర్‌పై యాంప్లిఫయర్ పట్టు అక్కడ తెలుస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ వాయించిన వేగపు సంగతుల్లో ప్రతి మీటు విడివిడిగా వినిపిస్తోందా, ఒకదానిలోకి ఒకటి జారిపోతోందా చూడండి. వయొలిన్ తార స్థాయిలో ఒక గంట విన్నాక చెవి అలసిపోతే, ఆ అలసట వాల్యూమ్ వల్లనా, గది ప్రతిధ్వని వల్లనా అన్నది తేల్చుకున్నాకే యాంప్లిఫయర్‌ను అనండి. ఒక సాయంత్రం తివాచీ పరిచి, కర్టెన్లు మూసి అదే ట్రాక్ వింటే సగం సమాధానం దొరుకుతుంది.

ఒకరోజు వాల్యూమ్‌ను మీరు ఎన్నడూ పెంచనంత పెంచి ఐదు నిమిషాలు వినండి. మరోరోజు ఫ్యాన్ చప్పుడును కూడా దాటనంత తక్కువలో వినండి. రెండో పరీక్షలోనే ఖరీదైన చిన్న యాంప్లిఫయర్లు తమ ధరను సమర్థించుకోవాలి.

ఎనిమిదో అడుగు: రోజువారీ సంగతులు

ప్లగ్‌కు తగిలించే వాట్ మీటర్ ఒకటి కొని, ఖాళీగా ఉన్నప్పుడు యాంప్లిఫయర్ ఎంత కరెంటు తీసుకుంటోందో చూడండి. ఖాళీగానే 30 వాట్లు తీసుకునే ఏబీ తరగతి పెట్టెను రోజుకు ఐదు గంటలు వాడితే నెలకు నాలుగున్నర యూనిట్లు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే 21 యూనిట్లు దాటుతుంది. డబ్బు పెద్ద సంగతి కాదు, ఆ 30 వాట్ల వేడి వేసవిలో గదిలోనే ఉంటుంది. గంట వాడాక పై పలక మీద చేయి పెట్టి ఎంతసేపు ఉంచగలిగారో రాయండి.

అన్నీ ఒకే పెట్టెలో ఉన్న స్ట్రీమింగ్ యాంప్లిఫయర్ అయితే యాప్‌ను విడిగా అంచనా వేయాలి. రూటర్ పక్కగదిలో ఉన్నప్పుడు పాట తెగుతోందా, కరెంటు పోయి వచ్చాక తానే నెట్‌వర్క్‌కు కలుస్తోందా, ఇంట్లో పెద్దవారు యాప్ లేకుండా రిమోట్‌తో టీవీ ధ్వని పెట్టుకోగలరా అన్నవి మన ఇళ్లలో నిజమైన ప్రశ్నలు. యాంప్లిఫయర్ భాగం ఇరవై ఏళ్లు నడవగలదు, స్ట్రీమింగ్ భాగానికి సాఫ్ట్‌వేర్ అందే కాలం అంత ఉండదు. అందుకే అనలాగ్ ఇన్‌పుట్ కనీసం ఒకటి ఉన్న మోడల్‌నే నేను సిఫారసు చేస్తాను. యాప్ ఆగిపోయిన రోజున ఒక చిన్న స్ట్రీమర్ తగిలించుకుని పెట్టెను కొనసాగించవచ్చు. సబ్‌వూఫర్ అవుట్‌పుట్ ఉంటే ఇంకా మంచిది. సర్వీసు హైదరాబాద్‌లో జరుగుతుందా, ముంబయికో బెంగళూరుకో పంపాలా అన్నది కొనేముందే లిఖితపూర్వకంగా తీసుకోండి, అసలు అట్టపెట్టెను పారేయకండి.

తొమ్మిదో అడుగు: రాయడం

ఇప్పటికి మీ పుస్తకంలో అభిప్రాయానికి కావలసినదంతా ఉంది. వరస ఇలా ఉంటే చదివేవారికి సులువు: ముందు గది, స్పీకర్లు, వినే దూరం, మామూలు శబ్దస్థాయి, తరువాత ఎన్నాళ్లు వాడారు, దేనితో ఎలా పోల్చారు, ఆ తరువాత విన్నది, చివర వేడి, చప్పుడు, యాప్, సర్వీసు. ఖచ్చితంగా గుర్తించినదాన్ని, అనిపించినదాన్ని వేర్వేరు వాక్యాల్లో పెట్టండి. నా పుస్తకంలోని ఒక పేరాను నమూనాగా ఇస్తున్నాను.

"హాలు 12 అడుగులకు 16 అడుగులు, టైల్సు నేల, ఒక తివాచీ. స్పీకర్లు 85 డెసిబెల్స్, కనిష్ఠం 3.5 ఓములు, దూరం 3 మీటర్లు. సగటున 70 డెసిబెల్స్‌లో, ఎక్కువగా రాత్రి తొమ్మిది తరువాత వింటాను. 50 వాట్ల ఏబీ తరగతి చిన్న యాంప్లిఫయర్, నాలుగు నెలల వాడకం. వోల్టేజీ సమానం చేసి, చూడకుండా పాత రిసీవర్‌తో పోల్చితే పదిసార్లలో తొమ్మిదిసార్లు గుర్తించాను. మృదంగం తొప్పి దెబ్బ కొత్తదానిలో త్వరగా ఆగుతోంది. గొంతు మరింత దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది గాని చూడకుండా విన్నప్పుడు దాన్ని రుజువు చేసుకోలేకపోయాను. అతి తక్కువ వాల్యూమ్‌లో గొంతు కొద్దిగా ఎడమకు జరుగుతుంది. ట్వీటర్‌కు జానెడు దూరం దాటితే బుస వినిపించదు."

ఈ పేరా కింద అరపేజీ ఖాళీ ఉంచాను. మే నెల చివర, ఏసీ లేకుండా రెండు గంటలు నడిపిన రోజున ఇంకో వాక్యం చేర్చాను: "పై పలక మీద చేయి ఐదు సెకన్లకు మించి ఉంచలేకపోయాను, పై అర పలక తీసేసిన తరువాత అరనిమిషం ఉంచగలిగాను."